సగంలో ఆగిన బొమ్మలు, ఆగని గొడవ

ప్రశ్న: పెళ్లయి పదకొండేళ్లు. ఇంట్లో ఎనిమిదడుగులకు తొమ్మిదడుగుల చిన్న గది నా బొమ్మల పనికి వాడుకుంటున్నాను. రంగులు, కాగితాలు, ఊలు, పూసలు, కుట్టుమిషను అన్నీ అందులోనే. చోటు చాలక డైనింగ్ టేబుల్ మీదకి కూడా వచ్చేస్తున్నాయి. సగంలో ఆగిపోయినవే పదిహేను దాకా ఉన్నాయి, వాటిని చూస్తేనే టెన్షన్. పోయిన నెల నేను ఊళ్లో లేనప్పుడు మావారు రెండు అట్టపెట్టెల గుడ్డముక్కలు, కాగితాలు చెత్త అనుకుని పారేశారు. అప్పటినుంచి మా మధ్య సరిగ్గా మాటల్లేవు. గోడ పొడవునా అల్మారాలు చేయిస్తే ఈ గొడవ తీరుతుందా?

జవాబు: తీరదు. మీరు వడ్రంగికి అడ్వాన్స్ ఇచ్చేలోపే ఈ మాట చెప్పాలని ముందుగా చెప్పేస్తున్నాను. కొత్త అల్మారా కొన్ని నెలల్లో నిండిపోతుంది, మళ్లీ మీరు డైనింగ్ టేబుల్ దగ్గరికే వస్తారు.

ఆయన చేసింది తప్పే. మీ వస్తువులు మీరు లేనప్పుడు, మిమ్మల్ని అడగకుండా పారేయడం తప్పు, అవి నిజంగా చెత్తే అయినా సరే. ఈ మాట ఆయనతో ఒక్కసారి, నెమ్మదిగా చెప్పండి: "అది చెత్తో కాదో వదిలేద్దాం, నన్ను అడగలేదు, నాకు బాధేసింది." అంతే, అక్కడ ఆపేయండి. పదకొండేళ్ల లెక్కలు తీయొద్దు. ఆ తర్వాత, కోపం లేని ఇంకో రోజు, "మీకు అన్నిటికన్నా చిరాకు తెప్పిస్తున్నదేంటి?" అని అడగండి. నా అంచనా అయితే గది కాదు, డైనింగ్ టేబులే. ఇల్లంతా చిందరవందర అని విసుక్కునే వాళ్లని నిలదీసి అడిగితే ఏదో ఒక్క చోటే చూపిస్తారు.

మీ ఉత్తరంలో నేను రెండుసార్లు చదివిన వాక్యం పారేసిన పెట్టెల గురించి కాదు, సగంలో ఆగిపోయిన ఆ పదిహేను గురించి. కుంచెలూ కత్తెర్లూ పెద్దగా చోటు తినవు. తినేవి ఇవే, పూర్తి చేయాలా వదిలేయాలా అని తేల్చుకోకుండా ఉంచేసిన పనులు. నా దగ్గరా ఆరేళ్లపాటు ఒక ఎంబ్రాయిడరీ ఫ్రేము ఉండేది, అందులో తోక లేని నెమలి, గదిలోకి వెళ్లినప్పుడల్లా నా వైపు అదోలా చూసేది. చివరికి ఒక ఆదివారం దారాలన్నీ విప్పేశాను. ఏడుపొస్తుందనుకున్నాను, హాయిగా నిద్రొచ్చింది. మీరూ ఐదు ట్రేలు పెట్టుకోండి, ఒక్కో ట్రేలో ఒక్కో పని. ఆరోది మొదలుపెట్టాలంటే ఐదింటిలో ఒకటి పూర్తవ్వాలి, లేదా విప్పేసి ఊలు ఊల్లోకి, పూసలు పూసల్లోకి వెళ్లిపోవాలి. ఏది ఉంచాలో ఏది తీసేయాలో మీరే నిర్ణయించండి, ఈ విషయంలో ఆయన సలహా అస్సలు అడగొద్దు.

రెండోది, మీ పనిబల్ల. దాని మీద ఇప్పుడు సామాన్లే ఉండి ఉంటాయి, అందుకే తడి రంగు ఆరబెట్టడానికి బయటికి పోతున్నారు. బల్ల మీద ఏదీ శాశ్వతంగా ఉండకూడదు, మిషను కూడా, కుట్టేటప్పుడు పైకి తీసి, అయ్యాక కింద అరలో పెట్టండి. గోడకి ఒక తీగ కట్టి క్లిప్పులు తగిలిస్తే తడి కాగితాలు అక్కడే ఆరతాయి. రోజూ చేతికి కావలసినవి బల్లకి ఎదురుగా పెగ్ బోర్డు (కొక్కేలు తగిలించుకునే చిల్లుల పలక) మీద వేలాడాలి.

అల్మారా నిజంగా కావాలంటే, బట్టల బీరువాలా రెండడుగుల లోతు పెట్టించకండి. వెనక ఉన్నది కనపడదు, లేదనుకుని మళ్లీ కొంటారు. ముప్పై సెంటీమీటర్ల లోతు చాలు, ఏ4 కాగితం పొడవు 29.7 సెంటీమీటర్లే. పూర్తి సైజు వాటర్ కలర్ షీటు 56 బై 76 సెంటీమీటర్లు ఉంటుంది కాబట్టి అది అరలో పట్టదు, రెండు అట్టల మధ్య పెట్టి మంచం కింద పరిచేయండి. కాన్వాసులు ఒకదాని మీద ఒకటి పేర్చకుండా నిలబెట్టండి. ఊలుకి మూత ఉన్న పెట్టెలు వాడండి, లేకపోతే పురుగు పడుతుంది, ఎండ తగిలితే రంగు వెలుస్తుంది.

ఆయిల్ పెయింట్లు వాడుతున్నట్టయితే ఇది మాత్రం శ్రద్ధగా చదవండి. ఆ రంగుల్లో ఉండే అవిసె నూనె తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి మూలన పడేస్తే, ఆ నూనె గాలితో కలిసి వేడెక్కి దానంతటదే అంటుకునే ప్రమాదం ఉంది. విడివిడిగా పరిచి ఆరబయట ఆరబెట్టాలి, లేదా నీళ్లు పోసిన మూత ఉన్న రేకు డబ్బాలో వేయాలి. రంగు పలచన చేసే టర్పెంటైన్ వాసన గురించి మీవారు ఎప్పుడైనా గొణిగి ఉంటే, అది సణుగుడని కొట్టిపారేయకండి, కిటికీ తెరిచి పనిచేయండి.

గదికి తలుపు ఉందో లేదో రాయలేదు. లేకపోతే కర్టెన్ అయినా వేయండి, లోపల ఎలా ఉన్నా బయటికి కనపడకపోతే సగం విసుర్లు తగ్గుతాయి. ఆపైన ఇద్దరూ ఒక మాట అనుకోండి: డైనింగ్ టేబుల్ రాత్రి భోజనం వేళకి మీరు ఖాళీ చేస్తారు, కర్టెన్ లోపల ఉన్నదేదీ మీకు చెప్పకుండా ఆయన ముట్టుకోరు. కొలతలు తీసేటప్పుడు టేపు రెండో కొస ఆయన చేతికే ఇవ్వండి. మాట ఇచ్చాక కూడా మళ్లీ పారేస్తే మాత్రం అది గది సర్దుకోవడంతో పోయే గొడవ కాదు, అప్పుడు నాకు మళ్లీ రాయండి.