అత్యవసర నిధి తీసి ఫీజు కట్టకండి

ప్రశ్న: మా అమ్మాయి బయోమెడికల్ ఇంజినీరింగ్‌లో చేరతానంటోంది. గుండె లయను సరిచేసే పేస్‌మేకర్ల తయారీలో పనిచేయాలన్నది తన కోరిక. ఎనిమిది నెలల ఖర్చులకు సరిపడా అత్యవసర నిధి నా దగ్గర ఉంది. దాంతో మొదటి ఏడాది ఫీజు కట్టేసి, మిగతా మూడేళ్లకు వ్యక్తిగత రుణం తీసుకుందామనుకుంటున్నాను. కోర్సు అవగానే ఉద్యోగం వస్తుంది కాబట్టి అప్పు తనే తీర్చుకుంటుంది. ఇంట్లో సంపాదించేది నేనొక్కడినే. ఈ ఆలోచన సరైనదేనా?
– ఒక పాఠకుడు

జవాబు: కోర్సు మంచిదే. డబ్బు సర్దుతున్న పద్ధతి మాత్రం చాలా ప్రమాదకరం. పిల్లల మొదటి జీతాన్ని డిగ్రీ చేతికొచ్చిన నెల నుంచే లెక్కలో వేసుకోవడం ఎంతోమంది తల్లిదండ్రులు చేస్తున్న పొరపాటు. అందుకే మీ ప్రశ్నకు కాస్త వివరంగా రాస్తున్నాను. ఏ కోర్సుకైనా అది పొరపాటే, బయోమెడికల్‌కైతే మరీను.

ఈ కోర్సులో ఎలక్ట్రానిక్స్, మెకానిక్స్, పదార్థాల శాస్త్రం, శరీర ధర్మశాస్త్రం అన్నీ కొద్దికొద్దిగా చదువుతారు. ఒకదాంట్లో లోతుకు వెళ్లేసరికి నాలుగేళ్లు గడిచిపోతాయి. పరికరాల డిజైన్ వైపు వెళ్లాలనుకునేవాళ్లలో చాలామంది మాస్టర్స్ చేసేది ఇందుకే. సర్క్యూట్ల ఉద్యోగానికి ఎలక్ట్రానిక్స్ చదివినవాళ్లతో, శరీరంలో అమర్చే ఇంప్లాంట్ల ఉద్యోగానికి మెకానికల్ వాళ్లతో మీ అమ్మాయి పోటీ పడాలి. ఆసుపత్రుల్లో వెంటిలేటర్లు, మందును కొలతగా నరంలోకి ఎక్కించే ఇన్ఫ్యూజన్ పంపులు, గుండెకు షాక్ ఇచ్చే డీఫిబ్రిలేటర్లు సరిగా పనిచేసేలా చూసుకునే క్లినికల్ ఇంజినీర్ ఉద్యోగాలూ ఉన్నాయి. గౌరవమైన పనే, కానీ తను కోరుకుంటున్నది అది కాదు.

పరికరాల కంపెనీలు తొందరపడి మనుషుల్ని తీసుకోవు. నాణ్యతకు ఐఎస్‌ఓ 13485, ప్రమాదాల అంచనాకు ఐఎస్‌ఓ 14971 అనే అంతర్జాతీయ ప్రమాణాలంటూ ప్రతి అడుగుకూ కాగితం, పరీక్ష ఉంటాయి. ఒక్కో పరికరం బయటికి రావడానికి ఏళ్లు పడుతుంది. 1958లో స్వీడన్‌లో తొలిసారి మనిషి శరీరంలో అమర్చిన పేస్‌మేకర్ కొన్ని గంటలకే ఆగిపోయింది. రెండోది పెట్టాల్సి వచ్చింది. ఆ రోగి తర్వాత ఇరవైకి పైగా పేస్‌మేకర్లు మార్చుకుంటూ 2001 దాకా జీవించారు. అంత ఓపిక కావాల్సిన రంగం ఇది. మీ అమ్మాయికి ఆ ఓపిక ఉండొచ్చు. అప్పిచ్చినవాళ్లకు ఉండదు.

ఇక వ్యక్తిగత రుణం సంగతి. ‘అప్పు తనే తీర్చుకుంటుంది’ అని రాశారు. ఆ రుణానికి ఈఎంఐ మరుసటి నెల నుంచే మొదలవుతుందండీ! తను చదువుకుంటున్నన్నాళ్లూ కట్టాల్సింది మీరే. ఇంటి ఖర్చు, హాస్టల్ ఖర్చు, ఈఎంఐ మూడూ ఒక్క జీతంలోంచే వెళ్లాలి. అప్పటికి అత్యవసర నిధి ఖాళీ. మూడో ఏడాదిలో మీ ఉద్యోగం పోయినా, మీరు మంచాన పడినా ఆ ఏడాది ఫీజు ఎక్కడి నుంచి తెస్తారు? క్రెడిట్ కార్డు మీదా? మొత్తం వ్యవహారంలో నన్ను భయపెడుతున్నది ఇదే. సగంలో ఆగిన డిగ్రీకి ఉద్యోగం రాదు, చేసిన అప్పు మాత్రం అంతా మిగులుతుంది.

కాబట్టి నిధిని ముట్టుకోకండి. పైగా ఎనిమిది నెలలది చాలదు, పన్నెండు నెలలకు పెంచండి. నెల ఖర్చు లెక్కలో హాస్టల్‌ను, చదువు అప్పు మీద వడ్డీని కూడా కలపండి. చాలామంది ఈ రెండూ వదిలేసి, నిధి నిండుగానే ఉందనుకుంటారు. కోర్సు పూర్తయిన రోజు నుంచి మొదటి జీతం పడే రోజు దాకా ఇంటిని మోసేది ఈ డబ్బే. అది ఉంటే తను నచ్చిన ఉద్యోగం కోసం ఆరు నెలలు ఆగగలుగుతుంది. లేకపోతే ఈఎంఐ భయంతో మొదట దొరికినదాంట్లో చేరిపోతుంది. నాలుగేళ్ల చదువు అక్కడే పక్కదారి పడుతుంది.

మొదటి ఏడాదితో సహా ఫీజుకు విద్యా రుణమే తీసుకోండి. అక్కడా ఒక జాగ్రత్త. చదువు కాలంలో వాయిదాలు కట్టక్కర్లేకపోయినా చాలా రుణాల్లో వడ్డీ పెరుగుతూనే ఉంటుంది. ఏడాదికి 12 శాతం చక్రవడ్డీ అనుకుంటే, మొదట తీసుకున్న 100 నాలుగేళ్లకు 157 అవుతుంది. మాస్టర్స్ రెండేళ్లు కూడా కలిపితే 197, అంటే దాదాపు రెట్టింపు. ఏ నెల వడ్డీ ఆ నెల కట్టేస్తే అది 100 దగ్గరే ఆగుతుంది. మాస్టర్స్ ఖర్చు ఇప్పటి లెక్కలో లేకపోతే వెంటనే చేర్చండి.

సంపాదన మీ ఒక్కరిదే కాబట్టి టర్మ్ పాలసీ (జీవిత బీమా) మొత్తంలో ఈ రుణాన్నీ కలుపుకోండి. స్కాలర్‌షిప్‌లకు ప్రతి ఏడాదీ దరఖాస్తు చేయించండి. ముందు ఎలక్ట్రానిక్స్ చదివి, మాస్టర్స్‌లో బయోమెడికల్ తీసుకునే దారి కూడా ఉంది, తనతో ఒకసారి మాట్లాడి చూడండి.

రుణం మంజూరు ఆలస్యమైతే ఫీజు గడువు పెంచమని కాలేజీని రాతపూర్వకంగా అడగండి. ఆ కొద్ది వారాల కోసమని కూడా నిధిలోంచి తీయకండి. ‘మళ్లీ పెట్టేద్దాం’ అని తీసినవాళ్లలో తిరిగి పెట్టినవాళ్లను నేను చాలా తక్కువమందిని చూశాను.