గొట్టం ఎటువైపు అంటుకుంది?

మైలాపూర్, చెన్నై

అమ్మాయీ,

నువ్వు పంపిన జురాసిక్ పురుగు కథ రెండుసార్లు చదివాను. మొదటిసారి డైనోసార్ ఎప్పుడు వెళ్లిపోతుందా అని చూస్తూనే కాఫీ చల్లార్చుకున్నాను. సముద్రం అడుగున గొట్టంలో బతికే పురుగు కథలోకి అదెందుకొచ్చింది? జురాసిక్ అనగానే సినిమా గుర్తొచ్చి ఉంటుంది. తీసెయ్.

రెండో పేజీలో పురుగు "ఒంటరితనంతో కుమిలిపోయింది" అన్నావు. దాని మెత్తటి ఒళ్లే రాతిలో మిగల్లేదు, మనసు నీకెక్కడ దొరికింది తల్లీ? మిగిలింది గొట్టం. మెడ దగ్గర పట్టీలాంటి చోట సున్నం ఊరించి, మూతి వైపు కొంచెం కొంచెంగా పొడిగిస్తూ కట్టుకున్న ఇల్లు. 1758లో, జీవులకి శాస్త్రీయ నామాలు పెట్టిన లిన్నేయస్ వీటికి సెర్పులా అని పేరు పెట్టాడు, చిన్న పాము అని అర్థం. వీటి బంధువులు ఇప్పటికీ ఉన్నాయి. తలమీది ఈకల కుచ్చుతోనే తిండి వడగట్టుకుంటాయి, ఊపిరీ దాంతోనే. అలికిడైతే లోపలికి దూరి, చాలా జాతులు బిరడాలాంటి మూత బిగించుకుంటాయి. ఇవేవీ నీ కథలో లేవు.

అసలు సంగతికొస్తాను. గొట్టం దేనిమీద, ఎటువైపు అంటుకుందో చూడు. ఆల్చిప్ప లోపలి గోడమీద ఉందంటే, చిప్పలోని ప్రాణి అప్పటికే చచ్చిపోయిందన్నమాట. బతికుండగా అక్కడ చోటెవరిస్తారు? అమ్మోనైట్ల సంగతి, అంటే చుట్టలు తిరిగిన గుల్లలో బతికి ఎప్పుడో అంతరించిన సముద్రజీవుల సంగతి, ఇంకా బాగుంటుంది. (మీ అమ్మమ్మ పూజలో గండకీ నది సాలగ్రామం ఉంటే, దాని చక్రం చాలావరకు జురాసిక్ అమ్మోనైట్ గుల్ల అచ్చే. వజ్రకీటం తొలిచిందని మనవాళ్లు చెప్పుకున్నారు. పురుగునైతే బాగానే తలుచుకున్నారు!) కొన్ని జురాసిక్ అమ్మోనైట్ల గుల్ల అంచు వెంట పురుగు గొట్టం పాకి ఉంటుంది. గుల్ల పెరుగుతూ తన తర్వాతి చుట్టును ఆ గొట్టం మీదుగానే వేసుకుంది. అంటే రెండూ ఒకే కాలంలో బతికున్నాయి. పురుగు ఎక్కి కూర్చున్న ఇల్లు ఈదుతూనే ఉంది, పెరుగుతూ దాన్ని మింగేస్తూనూ ఉంది. నీ కథ ఇదే. ఇంక కుమిలిపోవడం ఎందుకు?

నేనూ ఓసారి కాలు జారినవాణ్ణే. ఒక పత్రికకి రాసిన వ్యాసంలో, జురాసిక్‌కంటే ఎంతో పాత రాళ్లలోని నువ్వుగింజంత చుట్టల్ని కూడా ఈ పురుగులేనని రాసేశాను. పాత పుస్తకాల్లో వాటిని స్పైరోర్బిస్ అనే, అంటే ఈ పురుగుల్లోనే చుట్టలా ఉండే రకమనే, రాశారు మరి. గొట్టం గోడని సూక్ష్మదర్శినిలో పరీక్షించినవాళ్లు, అవి పురుగులే కావు, మైక్రోకాంకిడ్లనే వేరే జీవులని తేల్చారు. జురాసిక్ మధ్యలోనే అవి అంతరించాయి కూడా. ఓ పాఠకుడు ఫోన్ చేసి చెప్పాడు. వారం రోజులు టెన్షన్, ఇంట్లో ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు.

ఈ ఆదివారం పొద్దున్నే కాశిమేడు చేపల రేవుకి వెళ్లు. మరమ్మతుకి ఒడ్డుకెక్కించిన పడవ అడుగున తెల్లగా, వంకరటింకరగా గొట్టాలు కనిపిస్తే, గీకేవాళ్లని అడిగి ఒక ముక్క తెచ్చుకో. వాళ్లకవి తలనొప్పి, నీకు కానుక. దానిమీద నిమ్మరసం చుక్క వేసి బుడగలు చూడు. తర్వాత మొదటి పేజీ మళ్లీ రాసి పంపు. గొట్టం ఎటువైపు అంటుకుందో మొదటి పేరాలోనే ఉండాలి.

ఆశీస్సులతో,
మీ మావయ్య