నల్లగొండ చెలకలో బావి తవ్వితే గుండు అడ్డం: కింద బండేనా?

బావిలో గుండు తగిలింది, పక్కన మాత్రం పారకు మొరం లేస్తోంది, కింద బండేనా అని ఒకరు అడిగారు. అది కింద పరుచుకున్న బండ కాకపోవచ్చు. మొరంలో, అంటే కుళ్లి మెత్తబడ్డ రాయిలో, మిగిలిపోయిన గుండు అయి ఉంటుంది. పక్కన పారకు మొరం లేస్తోందన్నారుగా, అదే గుర్తు.

మన గ్రానైట్‌కు నిలువుగా, అడ్డంగా పగుళ్లుంటాయి. వాన నీరు వాటిలోంచే దిగుతుంది. మూలలను రెండు మూడు వైపుల నుంచి తింటుంది కాబట్టి అవి ముందు అరుగుతాయి, నడిమి భాగం గుండ్రంగా మిగులుతుంది. గ్రానైట్‌లోని ఖనిజాల్లో ఫెల్డ్‌స్పార్ బంకమట్టిగా మారుతుంది, నల్ల అభ్రకంలోని ఇనుము తుప్పుపట్టి ఎరుపెక్కుతుంది, క్వార్ట్జ్ మాత్రం ఇసుకరేణువులుగా ఉండిపోతుంది.

పేల్చేవాళ్లను పిలిచే ముందు:

1. గుండు చుట్టూ మొరం తీయండి. అందరూ వదిలేసేది ఇదే, పైభాగం చూసి బండ అనేస్తారు. అంచు కిందికి పోయేకొద్దీ లోపలికి తిరిగితే గుండే. వెడల్పవుతూ పోతే బండ కావచ్చు. గుండు కిందికి మాత్రం తొలవకండి, జారితే ప్రాణం పోతుంది.

2. బావి గోడలో తెల్లరాయి (క్వార్ట్జ్) చార చూడండి. మొరంలోంచి తెగకుండా సాగితే అది కొట్టుకొచ్చిన మట్టి కాదు, ఉన్నచోటే కుళ్లిన రాయి.

3. గుండే అని తేలితే పక్కకు జరిగి తవ్వండి. తక్కువ లోతులో దొరికే నీళ్లు నిలిచేది ఈ మొరంలోనూ, దాని కింది పగుళ్లలోనూ.