బయో ఆయిల్ ప్రాజెక్టా, చౌటుప్పల్ ఉద్యోగమా?

ప్రశ్న: మాది మిర్యాలగూడ. అమ్మాయి ఎమ్మెస్సీ ఆర్గానిక్ కెమిస్ట్రీ చివరి ఏడాది. ఊక, పత్తికట్టె నుంచి తీసిన నూనెను హైడ్రోజన్‌తో బాగుచేసే ప్రాజెక్టు చేస్తానంటోంది. చౌటుప్పల్‌లో ఫార్మా ఉద్యోగం చూసుకోమంటే వినట్లేదు. ఆ నూనెతో కడుపు నిండుతుందా?

జవాబు: నూనెతో నిండదు గానీ, ఆ పని చేతికొస్తే నిండుతుందండీ. మీరు రెండు దారులనుకుంటున్నారు, అక్కడే పొరబాటు.

మీ ఊరి మిల్లుల ఊకనే తీసుకోండి. గాలి తగలకుండా 500 డిగ్రీల దగ్గర గబగబా వేడిచేసి, వచ్చిన ఆవిరిని చల్లారిస్తే పొగ వాసనేసే నల్లటి ద్రవం దిగుతుంది, అదే బయో ఆయిల్. పేరుకే ఆయిల్, అందులో పావు వంతు దాకా నీళ్లే ఉండొచ్చు, యాసిడ్ వల్ల ఇనుమును తినేస్తుంది, నిల్వ ఉంచితే చిక్కబడుతుంది, మండిస్తే డీజిల్‌లో సగం వేడి కూడా రాదు. ఆక్సిజన్ ఎక్కువుండటమే దీనికంతటికీ మూలం. నికెల్-మాలిబ్డినం లాంటి ఉత్ప్రేరకం (చర్యను వేగం చేసే పదార్థం) మీద, 100 బార్లు (మామూలు గాలి ఒత్తిడికి దాదాపు వంద రెట్లు), ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ హైడ్రోజన్ ఒత్తిడిలో, ఆ ఆక్సిజన్‌ను నీళ్లుగా మార్చి బయటికి పంపాలి. తొందరపడి ఒకేసారి వేడి పెంచారా, లోపల బొగ్గు పేరుకుని ఉత్ప్రేరకం చచ్చిపోతుంది, అందుకే ముందు తక్కువ వేడిలో ఒక విడత, తర్వాత ఎక్కువ వేడిలో ఇంకో విడత.

ఇదొక్కటే పట్టుకుని ఉద్యోగం వెతికితే మన దగ్గర తక్కువే, అబద్ధం చెప్పను. డెహ్రాడూన్‌లోని పెట్రోలియం పరిశోధన సంస్థ ఐఐపీ తయారుచేసిన జత్రోఫా ఇంధనం కలిపి 2018 ఆగస్టులో ఢిల్లీకి విమానం నడిపారు, నిజమే, కానీ అలాంటి ల్యాబులు ఎన్నున్నాయి? అయితే హైడ్రోజనేషన్, అంటే ఇలా హైడ్రోజన్‌తో చర్య జరపడం, ఫార్మాలో మామూలుగా జరిగేదే. అదే ఆటోక్లేవ్ (ఒత్తిడిని తట్టుకునే మూసిన పాత్ర), అదే హైడ్రోజన్ సిలిండర్, ముందు నైట్రోజన్‌తో గాలిని తరిమే అదే పద్ధతి. అక్కడ ఉత్ప్రేరకంగా వాడిన పల్లాడియం కార్బన్‌ను వడకట్టేటప్పుడు ఆరనిస్తే ఫిల్టర్ మీదే అంటుకోవచ్చు. ఇది చదివిన పిల్లకీ, తడి ఆరకుండా చేత్తో వడకట్టిన పిల్లకీ తేడా ఇంటర్వ్యూలో రెండు నిమిషాల్లో తేలిపోతుంది.

కాబట్టి ఒక్కటి అడిగి రమ్మనండి: ఆ ల్యాబులో హై ప్రెషర్ రియాక్టర్ నడుస్తోందా, గుడ్డ కప్పి ఉందా? నడుస్తుంటే చేరనివ్వండి. లేకపోతే మీ మాటే కరెక్టు, చౌటుప్పల్ బస్సు ఎక్కించండి. పక్కన సీఎస్ఐఆర్ నెట్ అనే జాతీయ పరీక్షకు మాత్రం చదవాలి, అందులో జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే నెలకు 37,000 రూపాయలు, హైదరాబాద్ తార్నాకలోని రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీలో పీహెచ్‌డీకి ప్రయత్నించొచ్చు. పెళ్లి సంగతి మీరడగలేదు, నేనూ ఎత్తను.