బిల్లీ హాలిడే పాట ఎత్తుకున్న మేనకోడలికి

బంగారూ,

నువ్వు పంపిన రికార్డింగ్ విన్నాను. శ్రుతి ఎక్కడా తప్పలేదు, చిన్నప్పటి నుంచీ నేర్చుకున్న కర్ణాటక సంగీతం ఎక్కడికీ పోలేదు. కానీ అమెరికన్ జాజ్ గాయని బిల్లీ హాలిడే గొంతులోని జీరనీ, మాట చివర ఆమె తీసే వంపునీ అచ్చంగా దింపేశావు. అది మిమిక్రీ అవుతుంది గానీ పాట అవదు. కాలేజీ ఫెస్ట్‌కి ఇంకా టైముంది కాబట్టి నాకు తోచినవి రాస్తున్నాను.

ముందు ఆమెని కొన్నాళ్లు పక్కనపెట్టి, ఆమె ఎవరిని విని పాట నేర్చుకుందో వాళ్లని విను. ఆమె 1915లో ఫిలడెల్ఫియాలో పుట్టినా పెరిగింది మా బాల్టిమోర్‌లోనే. ఇక్కడ ఒక వేశ్యాగృహంలో చిల్లర పనులు చేసిపెట్టి, డబ్బులకి బదులు అక్కడి గ్రామఫోన్‌లో అమెరికా నల్లవాళ్ల బాణీ అయిన బ్లూస్ పాడే బెస్సీ స్మిత్‌నీ, బాకా ఊదుతూ పాడే లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్‌నీ వినేదాన్నని ఆత్మకథలో చెప్పుకుంది. ఆ పుస్తకంలో ప్రతి మాటా నమ్మాల్సిన పని లేదనుకో. కానీ బెస్సీ గొంతులోని నిండుదనం, ఆర్మ్‌స్ట్రాంగ్ పలికించే భావం తనకి కావాలనిపించిందన్న మాట మాత్రం నిజమని ఆమె పాటే చెబుతుంది.

ఇద్దరు గురువులూ ఒకే రికార్డులో దొరుకుతారు. 1925లో బెస్సీ పాడిన ‘సెయింట్ లూయిస్ బ్లూస్’. ట్రంపెట్ లాంటి చిన్న బాకా, కార్నెట్, ఆర్మ్‌స్ట్రాంగ్‌ది, వెనక మన హార్మోనియం లాంటి రీడ్ ఆర్గాన్, అంతే. డ్రమ్స్ లేవు. బెస్సీ ఒక వాక్యం పాడి ఆగుతుంది, ఆ ఖాళీలో కార్నెట్ బదులు చెబుతుంది. ముందు బెస్సీ వాక్యాలు పాడు. తర్వాత ఆ కార్నెట్ బదుళ్లని గొంతుతో పలికించు. రెండోదే అసలు పాఠం. తనకి పాడుతున్నట్టు ఉండదని, హార్న్ వాయిస్తున్నట్టు ఉంటుందని బిల్లీ అనేది ఇందుకే.

బెస్సీలా అరిచి పాడాలని మాత్రం చూడకు. ఆమె మైకు లేకుండా టెంట్ షోల్లో పాడి, చివరి వరస దాకా వినిపించాల్సిన మనిషి. బిల్లీ చేతికి మైకు వచ్చింది, అందుకే పక్కనున్న వాళ్లకి చెబుతున్నట్టు పాడగలిగింది. నువ్వూ మైకుకి దగ్గరగా నిలబడి, మాట్లాడే గొంతుతో పాడు. నీ శ్రుతి ఐదున్నర అని దాన్నే పట్టుకుని కూర్చోకు. నువ్వు మామూలుగా మాట్లాడే స్థాయికి కీ దించుకో.

ఇప్పుడు బిల్లీ దగ్గరికి రా. 1935లో టెడ్డీ విల్సన్ పియానోతో మొదలుపెట్టిన రికార్డులు విను. వాటిలో చాలావరకు జూక్‌బాక్సుల కోసం తీసినవి, పాటలు కొన్ని మరీ సాదాసీదావి. ఆమె గొంతు పరిధి ఒక స్థాయి కంటే పెద్దగా ఎక్కువేమీ కాదు. అందుకని పాటలో పెద్ద పెద్ద దూకుళ్లుంటే వాటిని చదును చేసి, రెండు మూడు స్వరాల మధ్యే తిప్పేది. ఏదైనా ఒక పాట అచ్చు నొటేషన్ సంపాదించి, దాని స్వరాలు ఒక వరసలో, బిల్లీ పాడినవి కింద వరసలో సరిగమల్లో రాసుకో. ఆమె ఏం తీసేసిందో కంటికి కనిపిస్తుంది. నువ్వైతే అలవాటు కొద్దీ ఇంకా సంగతులు చేరుస్తున్నావు.

లయ దగ్గరే నీకు కష్టం. నీకు ఎడుపు, అంటే తాళంలో పాట ఎత్తుకునే చోటు, ఒక లెక్క. ఇక్కడ బ్యాండ్ నడిచిపోతుంటే బిల్లీ తీరిగ్గా వెనక బయల్దేరి, వాక్యం చివరికి వచ్చి కలుస్తుంది. ఆ ఆలస్యాన్ని లెక్కగట్టలేం. మెట్రోనోమ్ (లయ కొట్టే యంత్రం) దెబ్బ రెండు, నాలుగు మీద పడేలా పెట్టుకుని, పాట వద్దు, సాహిత్యాన్ని ఎవరితోనో చెబుతున్నట్టు మాటల్లో చెప్పు. అర్థాన్ని బట్టి ఎక్కడ ఆగుతావో, పాటలోనూ అక్కడే ఆగు.

బ్లూస్ గాంధారం నీకు తేలిగ్గానే వస్తుంది. సాధారణ, అంతర గాంధారాల (చిన్న గ, పెద్ద గ) మధ్య ఎక్కడో ఉంటుంది. అయితే దాన్ని ఊపకు. తిన్నగా పట్టి, చివర్లో మాత్రం కాస్త వణికించు. ఆ పద్ధతి ఆర్మ్‌స్ట్రాంగ్‌ది.

ఏ పాట పాడాలని అడిగావు కదా. ‘స్ట్రేంజ్ ఫ్రూట్’ వద్దు. నల్లవాళ్లని చంపి చెట్లకి వేలాడదీసిన దారుణం మీద పాట అది. 1939లో దాన్ని రికార్డు చేయడానికి కొలంబియా కంపెనీ వెనక్కి తగ్గితే, కమొడోర్ అనే చిన్న కంపెనీ తీసింది. కెఫే సొసైటీ అనే న్యూయార్క్ క్లబ్బులో ఆమె దాన్ని పాడేటప్పుడు వెయిటర్లు సర్వీసు ఆపేసేవాళ్లు, లైట్లు ఆర్పేవాళ్లు, ఆ తర్వాత ఇంకో పాట ఉండేది కాదు. ఫుడ్ స్టాళ్ల మధ్య పాడి చప్పట్లు కొట్టించుకునే పాట కాదు.

అదే రికార్డుకి రెండో వైపున్న ‘ఫైన్ అండ్ మెలో’ తీసుకో. ఆమె పాడిన అసలు సిసలు పన్నెండు బార్ల (తాళావర్తనాల) బ్లూస్ చాలా కొద్ది, వాటిలో ఇదొకటి. మొదటి వాక్యం, మళ్లీ అదే, మూడోది దానికి బదులు. 1957 డిసెంబర్‌లో ఇదే పాటని ఆమె టీవీలో పాడిన వీడియో ఉంది. లెస్టర్ యంగ్ సాక్సోఫోన్ ఎత్తినప్పుడు ఆమె మొహం చూడు. ‘లేడీ డే’ అని పేరు పెట్టింది అతనే, అతన్ని ‘ప్రెజ్’ అని పిలిచింది ఈవిడ. అప్పటికి ఇద్దరి ఆరోగ్యమూ పాడైంది. అతను వాయించింది కొద్ది స్వరాలే, ఒక్కటీ ఎక్కువ అనిపించదు. మీ కాలేజీలో సాక్సోఫోన్ దొరకకపోతే ఫ్లూటో వయొలినో వాయించే వాళ్లని పట్టుకో. నీ వాక్యం అయ్యాక వాళ్లకి చోటివ్వు, అక్కడ నువ్వు ఆలాపన ఎత్తుకోకు.

నువ్వు దింపిన ఆ జీర 1958 నాటి ‘లేడీ ఇన్ శాటిన్’ ఆల్బమ్‌ది. మత్తుమందులు, తాగుడు, 1947లో జైలు, బయటికొచ్చాక న్యూయార్క్ క్లబ్బుల్లో పాడేందుకు లైసెన్సు కూడా లేకుండా పోవడం, ఇవన్నీ పడి 44 ఏళ్లకే పోయిన మనిషి గొంతు అది. దాన్ని స్టైల్ అనుకుని గొంతు బిగబట్టి పాడితే నీ గొంతు పాడవుతుంది. ప్రస్తుతానికి 1936 నుంచి 1939 దాకా పాడినవి విను, చాలు.

అన్నయ్య నీకోసం ట్రాక్ (ముందే రికార్డు చేసిన వాద్యాలు) కొంటానంటున్నాడట, వద్దని చెప్పు. ట్రాక్ నీకోసం ఆగదు. కీబోర్డు వాయించే ఫ్రెండ్ ఒకరుంటే సరిపోతుంది. ఈసారి మెట్రోనోమ్ మీద సాహిత్యం చదివినది ఒకటి, పాడినది ఒకటి పంపు. ముందు చదివినదే వింటాను.

మీ అత్తయ్య