జాకీ రాబిన్సన్ వచ్చాక కూడా రే డాండ్రిడ్జ్ మేజర్ లీగ్‌కు ఎందుకు చేరలేదు?

అమెరికా బేస్‌బాల్‌లో అన్నిటికన్నా పై స్థాయి మేజర్ లీగ్. అందులోకి దశాబ్దాలపాటు నల్లజాతివాళ్లను రానివ్వలేదు. 1947లో జాకీ రాబిన్సన్ ఆ అడ్డు దాటి మేజర్ లీగ్‌లో అడుగుపెట్టాక నల్లజాతి ఆటగాళ్లందరికీ దారి దొరికినట్టే కదా, ఇంకా నీగ్రో లీగ్‌ల (నల్లజాతి ఆటగాళ్లు విడిగా ఆడుకున్న లీగ్‌ల) దగ్గరే ఆగిపోయినవాళ్లు అంతంతమాత్రం ఆటగాళ్లే కదా అని ఒకరు అడిగారు. కాదు. 16 మేజర్ లీగ్ జట్లలో చివరిదైన బోస్టన్ రెడ్ సాక్స్ ఒక నల్లజాతి ఆటగాణ్ని బరిలోకి దించింది 1959లో! ఈ పన్నెండేళ్లలో వయసు దాటిపోయినవాళ్లు ఎందరో. వాళ్లలో నాకు బాగా ఇష్టమైనవాడు మూడో బేస్ ఆటగాడు రే డాండ్రిడ్జ్.

నేను కాన్సాస్ సిటీ శివార్లలోని ఓవర్‌ల్యాండ్ పార్క్‌లో ఉంటాను. ఇండియా నుంచి చుట్టాలు ఎవరొచ్చినా ఇక్కడి నీగ్రో లీగ్స్ బేస్‌బాల్ మ్యూజియానికి తీసుకెళతాను. క్రికెట్ తప్ప మరో ఆట ఎరుగని మా బాబాయి కూడా అక్కడి నుంచి ఓ పట్టాన కదల్లేదు. లోపల చిన్న మైదానం, అందులో ఎవరి స్థానంలో వారు నిలువెత్తు కంచు విగ్రహాలై నిలబడ్డ ఆటగాళ్లు. మొదట్లోనే కనిపిస్తారు కానీ మధ్యలో ఇనుప వల అడ్డం. చరిత్ర అంతా చూసుకుంటూ చుట్టి వస్తేనే చివర్లో మైదానంలోకి అడుగుపెట్టనిస్తారు. మూడో బేస్ దగ్గర, అంటే బ్యాటర్‌కు ఎడమవైపు మూలన, ఉన్నది డాండ్రిడ్జ్.

మూడో బేస్ ఎంత కష్టమో మా అబ్బాయి జట్టు పిల్లలతో సాధన చేయించేటప్పుడు తెలిసింది. కుడిచేతి బ్యాటర్ లాగి కొడితే బంతి సూటిగా మీదికే వస్తుంది, ఆలోచించే వ్యవధి ఉండదు. అంతకన్నా గడ్డు పని బంట్. బ్యాటర్ బంతిని మెల్లగా తాకించి వదిలేస్తే ముందుకు పరుగెత్తి, గ్లవ్ లేని చేత్తో తీసి, నడుము ఎత్తకుండానే మొదటి బేస్‌కు విసరాలి. మా పిల్లలు విసిరితే సగం బంతులు కంచె దాటుతాయి. డాండ్రిడ్జ్‌కు పేరు తెచ్చింది సరిగ్గా ఈ విద్యే. మనిషి అయిదడుగుల ఏడంగుళాలు, పైగా దొడ్డికాళ్లు. ఆ కాళ్ల మధ్య నుంచి రైలు పోతుందేమో కానీ బంతి పోదని అప్పట్లో చెప్పుకునేవారు.

వర్జీనియాలోని రిచ్‌మండ్‌లో 1913లో పుట్టాడు. 1933లో నీగ్రో లీగ్ జట్టు డెట్రాయిట్ స్టార్స్‌తో మొదలుపెట్టి న్యూవార్క్ చేరాడు. న్యూవార్క్ ఈగిల్స్‌లో విల్లీ వెల్స్, డిక్ సీ, మ్యూల్ సటిల్స్, ఇతను కలిసి బేస్‌ల దగ్గర కాపుకాసిన వరుసకు 'మిలియన్ డాలర్ ఇన్‌ఫీల్డ్' అని పేరు. పేరులో ఉన్న డాలర్లు జీతంలో లేవు. అందుకే మెక్సికో వెళ్లి ఏళ్ల తరబడి అక్కడే ఆడాడు. అక్కడ డబ్బుతో పాటు మర్యాదా దక్కింది. అమెరికాలో మాత్రం నల్లజాతి జట్లు ఊరూరా బస్సులో తిరుగుతూ, హోటళ్లు గది ఇవ్వకపోతే ఆ బస్సులోనే పడుకునేవి. 1947లో మేజర్ లీగ్ జట్టు క్లీవ్‌లాండ్ యజమాని బిల్ వీక్ పిలిచినా డాండ్రిడ్జ్ వెళ్లలేదు. తనను, తన కుటుంబాన్ని బాగా చూసుకుంటున్న మెక్సికో యజమాని హోర్హే పాస్కెల్‌ను వదలడానికి మనసొప్పలేదు. ఆ నిర్ణయాన్ని నేను తప్పుపట్టను.

1949లో మేజర్ లీగ్ జట్టు న్యూయార్క్ జెయింట్స్ సంస్థ అతణ్ని తీసుకుని, మేజర్ లీగ్‌కు ఒక్క మెట్టు కింద ఉన్న మినియాపోలిస్ మిల్లర్స్‌కు పంపింది. ముప్పై అయిదు దాటిన మనిషి ఆ ఏడాది .362 సగటుతో కొట్టాడు. అంటే వెయ్యిసార్లకు 362 హిట్లు. మరుసటి ఏడాది ఆ లీగ్‌లో అత్యంత విలువైన ఆటగాడి పురస్కారం అతనిదే. అయినా పైనుంచి పిలుపు రాలేదు. 1951లో, తర్వాత మేజర్ లీగ్ దిగ్గజమైన ఇరవై ఏళ్ల విల్లీ మేస్ అదే జట్టుకు వచ్చాడు. డాండ్రిడ్జ్ అతనికి పెద్దదిక్కుగా నిలిచి మెళకువలు చెప్పాడు. మేస్ 35 ఆటల్లో .477 కొట్టి మే నెలలోనే న్యూయార్క్ జెయింట్స్‌కు వెళ్లిపోయాడు. గురువు మినియాపోలిస్‌లోనే మిగిలాడు.

వయసే కారణమని కొందరంటారు. ఒక్కో జట్టులో నల్లజాతి ఆటగాళ్లు ఇంతమందే ఉండాలన్న రాయని నియమం ఉండేదని చాలామంది చరిత్రకారులు చెబుతారు. నాకైతే రెండూ కలిసి పనిచేశాయనిపిస్తుంది. తలుపు తెరిచింది కుర్రాళ్ల కోసం, పెద్దవాళ్లను కూరలో కరివేపాకులా వాడుకున్నారు. ఒక్క రోజైనా మేజర్ లీగ్‌లో ఆడి ఉంటే బాగుండేదని అతను తర్వాత చెప్పుకున్నాడు. 1987లో బేస్‌బాల్ మహామహులకిచ్చే గౌరవమైన హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చుకున్నారు. 1994లో ఫ్లోరిడాలో పోయాడు.

అతని గణాంకాలు వెతికేటప్పుడు ఒక జాగ్రత్త. 1920 నుంచి 1948 వరకు నడిచిన ఏడు నీగ్రో లీగ్‌లను మేజర్ లీగ్‌లుగా 2020 డిసెంబరులో గుర్తించారు, 2024లో ఆ అంకెలను అధికారిక రికార్డుల్లో కలిపారు. కాబట్టి న్యూవార్క్ ఏళ్లు లెక్కలోకి వచ్చాయి. మెక్సికోలో, క్యూబాలో, మినియాపోలిస్‌లో ఆడినవి రాలేదు. ఆ చిన్న పట్టిక ఒక్కటే చూసి ఇంతేనా ఆడింది అనుకోకండి, ఆటలో సగానికి పైగా దాని బయటే ఉంది.