లంక గట్టు ఎందుకు విరుగుతోంది? – పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మాది పి.గన్నవరం దగ్గర గోదావరి లంక (ఏటి పాయల మధ్య ఉన్న దిబ్బ). వరద తీసిన ప్రతిసారీ ఒడ్డు పెళ్లలు పెళ్లలుగా ఏట్లో పడుతోంది. లంక దిగువ కొసన మాత్రం మేట వేస్తోంది. ఎందుకిలా? ఒడ్డు వెంట కొబ్బరి వేస్తే ఆగుతుందా?

జవాబు: ఏటి నీరు లంక తలను తాకే చోటా, పాయ వంపు తిరిగేటప్పుడు బయటివైపునా ఒరిపిడి ఎక్కువ. దిగువ కొసన రెండు పాయలూ కలిసేచోట నీటి జోరు తగ్గి ఇసుక, ఒండ్రు దిగుతాయి. అందుకే ఒకరి పొలం పోతుంటే ఇంకొకరికి మేట పెరుగుతుంది.

ఇక పెళ్లలు విరగడం వరద తీసేటప్పుడే ఎందుకంటే, లంక ఒడ్డున సాధారణంగా పైన ఒండ్రు మట్టి, కింద ఇసుక ఉంటాయి. వరదలో ఒడ్డంతా నీరు పీల్చి బరువెక్కుతుంది. ఏరు త్వరగా దిగిపోతే లోపలి నీరు ఇసుక పొరలోంచి ఏట్లోకి కారుతూ ఇసుకను కూడా లాక్కుపోతుంది. అడుగు ఖాళీ అయ్యాక పై మట్టి నిలవదు. ఒడ్డుకు సమాంతరంగా నేల నెర్రె విచ్చిందంటే ఆ పెళ్ల పడబోతున్నట్టే. అక్కడ పశువులను కట్టకండి, మోటారు ఉంటే వెంటనే వెనక్కి జరపండి.

కొబ్బరి అంచున వద్దు. దాని వేళ్లు చాలావరకు పై మీటరున్నర లోపే ఉంటాయి, కింది ఇసుకను పట్టవు. పైగా ఎత్తయిన చెట్టు గాలికి ఊగి, నెర్రెను ఇంకా పెంచుతుంది. రెల్లు, వట్టివేరు దుబ్బులు పై వాలును కాస్త కాపాడతాయి. కానీ ఒడ్డు పాదం కోసుకుపోతుంటే వాటితోనూ పని జరగదు. పాదాన్ని రాళ్లతోనో, ప్రవాహాన్ని మళ్లించేలా ఒడ్డు నుంచి ఏట్లోకి కట్టే అడ్డుకట్టలతోనో (గ్రోయిన్లు) కాపాడాలి. అది జలవనరుల శాఖ చేయాల్సిన పని, ఊరంతా కలిసి అడగాల్సిన పని.

ప్రశ్న: ధవళేశ్వరం నీటిమట్టాన్నిబట్టి మా అరటి తోట ఎప్పుడు మునుగుతుందో తెలుస్తుందా?

జవాబు: బ్యారేజీ వద్ద 11.75 అడుగులకు మొదటి, 13.75కు రెండో, 17.75కు మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు. మీ చేనికి ఏ అంకె వర్తిస్తుందో మీరే లెక్క కట్టుకోవాలి. తోటలో పల్లపు చోట ఒక రాయి పాతండి. నీరు ఆ రాయిని తాకిన తేదీ, గంట, దానికి ముందు కొన్ని గంటలపాటు ధవళేశ్వరంలో ఉన్న మట్టాలు రాసిపెట్టండి. రెండు మూడు వరదలకు మీ అంకె, నీరు చేరే వ్యవధి తేలతాయి. పాయలో కొత్తగా ఇసుక మేట వేస్తే లెక్క మారుతుంది, మళ్లీ సరిచూడాలి. సముద్రానికి దగ్గరి లంకల్లో అమావాస్య, పౌర్ణమి పోటుకు వరద నీరు త్వరగా దిగదు. అక్కడ అదే మట్టానికి తోట ఎక్కువసేపు నీళ్లలో ఉంటుంది, అరటికి నిలవ నీరే ప్రమాదం.